షూ కరిస్తే ఓర్చుకోమనే సలహా తప్పు

వాకింగ్‌కి వెళ్లేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. షూ ఎప్పుడూ ఒక నంబరు పెద్దది కొనాలట, బరువుగా ఉంటేనే మోకాళ్లకు రక్షణట, కొత్తలో కరిచినా వారం పది రోజుల్లో అదే సర్దుకుంటుందట, ఖరీదైనదైతే ఇక చూడక్కర్లేదట. ఇందిరా పార్కులోనూ, కేబీఆర్ పార్కు గేటు దగ్గరా పెద్దవాళ్లు ఇది నమ్మి కొనేస్తున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు కరవడం సంగతి. ఈ సలహా తోలు చెప్పుల కాలం నాటిది. అప్పట్లో ఆముదం రాసి నాలుగు రోజులు తొడిగితే తోలు మెత్తబడి, సాగి, పాదానికి తగ్గట్టు వచ్చేది. ఇప్పటి వాకింగ్ షూల పైభాగం ఎక్కువగా సింథటిక్ గుడ్డ, మెష్. అది అలా సాగదు. షాపులో చిటికెన వేలిని నొక్కిన షూ నెల తర్వాత కూడా నొక్కుతుంది. ఈలోగా వేలికి బొబ్బ లేచి, చితికి, కాయ కాస్తుంది. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో చాలామందికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. షూ కరుస్తున్న సంగతే తెలియదు. సాక్సుకు రక్తం అంటాక గానీ పుండు బయటపడదు, అది ఓ పట్టాన మానదు. అలాంటివాళ్లకు ఓర్చుకోమని చెప్పడం చాలా ప్రమాదం.

ఒక నంబరు పెద్దదనే మాటలో కొంత నిజం ఉంది. నడుస్తుంటే పాదం ఉబ్బుతుంది కాబట్టి పొడవైన వేలి ముందు సుమారు ఒక సెంటీమీటరు ఖాళీ కావాలి. కానీ ఆ ఖాళీ సరైన నంబరులోనే దొరకాలి. యూకే నంబర్లలో ఒకదానికీ తర్వాతదానికీ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. సరిపోయినదాని మీద ఇంకో నంబరు ఎక్కిస్తే మడమ లోపల జారుతుంది, షూని పట్టుకోవడానికి వేళ్లు ముడుచుకుంటాయి. నెక్లెస్ రోడ్డు మీద ఓ చుట్టు తిరిగేసరికి మడమ వెనక చర్మం లేచిపోతుంది.

చాలామందికి అసలు ఇబ్బంది పొడవుతో కాదు, వెడల్పుతో. షూ లోపలి అట్టను బయటికి తీసి దాని మీద నిలబడి చూడండి. పాదం అంచులు అట్ట దాటి పొంగితే ఇంకా పొడవైనది కాదు, వెడల్పు రకం అడగండి. ఆ వెడల్పును కొన్ని కంపెనీలు పెట్టె మీద 2ఈ, 4ఈ అని వేస్తాయి. పాదం కొలత సాయంత్రం తీసుకోండి. గోడకు మడమ ఆనించి, కాగితం మీద బరువంతా వేసి నిలబడి, పొడవైన వేలి కొస దగ్గర గీత పెట్టించండి. కొందరికి అది బొటనవేలు కాదు, దాని పక్కది. రెండు కాళ్లూ కొలిచి, పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోండి.

ఇక బరువు. అదురును తట్టుకునేది సోలులోని ఫోమ్, అది తేలికైనదే. గంట నడకలో సుమారు 6,000 అడుగులు, అంటే ఒక్కో కాలిని 3,000 సార్లు ఎత్తుతాం. షూ 100 గ్రాములు ఎక్కువైతే ఒక్కో కాలూ మొత్తం 300 కిలోలు అదనంగా ఎత్తినట్టు. అలసిన కాలు ఈడ్చుకుంటూ పడుతుంది, పలకలు లేచిన మన ఫుట్‌పాత్‌ల మీద కాలు తగిలి తూలేది అలాంటప్పుడే. అలాగని తేలికైనదల్లా మంచిదని కాదు. చేత్తో వంచితే వేళ్ల మొదళ్ల దగ్గర వంగాలి, నడిమికి మడత పడకూడదు. మడమ వెనక నొక్కితే గట్టిగా నిలవాలి. పరుపులా దిగిపోయే సోలు షాపులో హాయిగానే ఉంటుంది, నడకలో మాత్రం పాదాన్ని పక్కకు ఒరిగిస్తుంది.

ధర గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అబిడ్స్‌లో కొన్నా, మాల్‌లో కొన్నా, పాదానికి పట్టని షూ ఎంత పెట్టినా పట్టదు. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే రోజూ వేసుకునే సాక్సులతో ఇంట్లోనే పది నిమిషాలు నడవండి, మెట్లు ఎక్కి దిగండి. ఎక్కేటప్పుడు మడమ లేచినా, దిగేటప్పుడు వేళ్లు ముందు తగిలినా, ట్యాగ్ తెంపకుండా వెనక్కి పంపేయండి.