పారామెడిక్ కావాలంటే ఏళ్లు లెక్కపెట్టకండి, కాలేజీని పరీక్షించండి

అమెరికాలో కొత్తగా ఈఎంటీ (అంబులెన్స్‌లో ప్రాథమిక అత్యవసర చికిత్స చేసే ఉద్యోగి) సర్టిఫికెట్ తెచ్చుకున్న వాళ్లందరికీ ఉద్యోగంలో చేరిన వారంలోపే ఒక సలహా వినిపిస్తుంది. "ముందు రెండేళ్లు అంబులెన్స్‌లో పనిచెయ్యి, పారామెడిక్ సంగతి తర్వాత." పారామెడిక్ అంటే ఈఎంటీ కంటే పై స్థాయి చికిత్స చేసే అంబులెన్స్ ఉద్యోగి. ఆ సలహా సీనియర్లు మంచి మనసుతోనే చెబుతారు. కానీ ఆ రెండేళ్లు ఎక్కడ, ఎలాంటి పేషెంట్ల మధ్య గడవాలో మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే ఆ సలహాను పక్కన పెట్టమంటున్నాను.

ప్రైవేట్ ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో చేరిన ఈఎంటీ రోజంతా డయాలసిస్ పేషెంట్లను సెంటర్‌కు తీసుకెళ్లి తీసుకొస్తాడు, ఆసుపత్రి నుంచి నర్సింగ్ హోమ్‌కు చేరుస్తాడు. అది అవసరమైన పని. స్ట్రెచర్ పట్టడం, భయపడుతున్న పెద్దావిడతో నెమ్మదిగా మాట్లాడటం, రిపోర్ట్ సరిగా రాయడం అక్కడే వస్తాయి. కానీ ఊపిరాడక నీలిరంగులోకి మారుతున్న మనిషి ఎదురుగా నిలబడి, ముందు ఏం చేయాలో క్షణాల్లో తేల్చుకునే అలవాటు అక్కడ రాదు. 911 అత్యవసర ఫోన్ కాల్స్‌కు వెళ్లే బిజీ అంబులెన్స్ యూనిట్‌లో ఎనిమిది నెలలు చేసినవాళ్లకు అది వస్తుంది. నా కొలబద్ద ఇదే. గదిలో అడుగుపెట్టగానే, మానిటర్ తగిలించకముందే, ఈ పేషెంట్ పరిస్థితి తీవ్రమైనదా కాదా అని మీ అంతట మీరు చెప్పగలుగుతున్నారా? పార్ట్‌నర్ ముఖం చూడకుండా మామూలు కాల్‌ను మొదటి నుంచి చివరిదాకా నడపగలుగుతున్నారా? అయితే అప్లై చేయండి. ఇంకా రాకపోతే మరో ఏడాది అదే కంపెనీలో కూర్చోవడం కంటే 911 కాల్స్ చూసే చోటికి మారడం మేలు.

అనుభవం ముందు ఉండాలనే వాళ్లు సియాటిల్ వైపు చూపిస్తారు. అక్కడి అంబులెన్స్ సర్వీస్ మెడిక్ వన్‌కు గుండె ఆగినవారిని బతికించడంలో దేశంలోనే గొప్ప పేరుంది. పారామెడిక్ శిక్షణకు వచ్చేవాళ్లకు ముందే ఫీల్డ్ అనుభవం ఉండాలని అడుగుతారు కూడా. నిజమే. కానీ ఆ శిక్షణ యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ వైద్యుల చేతుల్లో, హార్బర్‌వ్యూ ఆసుపత్రిలో జరుగుతుంది. పారామెడిక్‌ల సంఖ్యను తక్కువగా ఉంచుతారు కాబట్టి ఒక్కొక్కరికీ తీవ్రమైన కేసులు ఎక్కువగా దొరుకుతాయి. మిగతా దేశం ఇవన్నీ వదిలేసి ఎదురుచూడటం ఒక్కటే నేర్చుకుంది.

అసలు ఈ వృత్తి పుట్టుక చూస్తే ఆ వాదన ఇంకా బలహీనపడుతుంది. 1967లో పిట్స్‌బర్గ్‌లో ఫ్రీడమ్ హౌస్ అంబులెన్స్ సర్వీస్ మొదలైంది. హిల్ డిస్ట్రిక్ట్ అనే నల్లజాతి పేటలో పనిలేని యువకులను తీసుకున్నారు. కొందరు హైస్కూల్ కూడా పూర్తిచేయలేదు. గుండె ఆగినవారికి ఛాతీ నొక్కి, ఊపిరి ఊదే సీపీఆర్‌కు ఇప్పటి రూపం ఇచ్చినవారిలో ఒకరైన డాక్టర్ పీటర్ సఫార్ వాళ్ల కోసం దాదాపు 300 గంటల శిక్షణ తయారుచేశారు. తర్వాత డాక్టర్ నాన్సీ కెరొలైన్ వాళ్లతో కలిసి అంబులెన్స్ ఎక్కి, వీధుల్లోనే నేర్పారు. దేశమంతటికీ పారామెడిక్ పాఠ్యప్రణాళిక ఆ అనుభవం నుంచే తయారైంది. నగరం 1975లో ఆ సర్వీస్‌ను మూసేసింది, అది వేరే అన్యాయం. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఆ యువకుల్లో చాలామందికి ముందు అనుభవం లేదు. పక్కన నిలబడి నేర్పే గట్టి గురువులున్నారు.

కాబట్టి తల బద్దలుకొట్టుకోవాల్సింది ఎక్కడ చదవాలన్న దానిమీద. ఈఎంటీ కోర్సు సుమారు 150 గంటల పైచిలుకు. పారామెడిక్ కోర్సు వెయ్యి గంటలు దాటుతుంది, కొన్నిచోట్ల 1,800 దాకా వెళ్తుంది. 2013 నుంచి, దేశవ్యాప్తంగా ఈఎంటీలకు, పారామెడిక్‌లకు సర్టిఫికెట్ ఇచ్చే నేషనల్ రిజిస్ట్రీ సంస్థ పారామెడిక్ పరీక్ష రాయాలంటే గుర్తింపు పొందిన, లేదా ఆ ప్రక్రియలో ఉన్న ప్రోగ్రామ్‌లోనే చదివి ఉండాలి. పరీక్షలో ఎంతమంది పాసయ్యారు, మధ్యలో ఎంతమంది మానేశారు, ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి అన్నవి ఆ ప్రోగ్రామ్‌లు బయటపెట్టాలి. అవి చూడకుండా ఫీజు కట్టడం తప్పు.

అంతకంటే పెద్ద మార్పు 2024 జూలైలో వచ్చింది. పారామెడిక్‌లకు నేషనల్ రిజిస్ట్రీ పెట్టే ప్రాక్టికల్ పరీక్ష పోయింది. ఇప్పుడు ఉన్నది కంప్యూటర్ మీద రాసే పరీక్షే. దాన్ని తీసేయడానికి కారణాలు ఉండొచ్చు, బొమ్మల మీద చేసే పరీక్ష నిజమైన పేషెంట్‌కు సాటి రాదని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఫలితం ఏమిటి? మీ చేతికి పని వచ్చిందని తేల్చే బాధ్యతంతా మీ కాలేజీదే. ఇంటర్న్‌షిప్‌లో పక్కనుండి నేర్పే ప్రిసెప్టర్ చూసీచూడనట్టు సంతకం పెడితే అడ్డుకునే జాతీయ స్థాయి ప్రాక్టికల్ ఇక లేదు.

ఉద్యోగంలో చేరాక నేర్చుకుంటాంలే అనుకునేవాళ్లు పెన్సిల్వేనియా 2003 రికార్డులు చూడాలి. శ్వాసనాళంలో గొట్టం వేసే అర్హత ఉన్న అంబులెన్స్ సిబ్బందిలో దాదాపు 39 శాతం మంది ఆ ఏడాది ఒక్కసారి కూడా వేయలేదు. సగానికి పైగా సిబ్బందికి ఆ ఏడాది దక్కింది ఒక్కటి, లేదా అదీ లేదు. అంటే చదువుకునేటప్పుడు ఆపరేషన్ థియేటర్‌లో దొరికే అవకాశమే చాలామందికి అసలు అభ్యాసం. అది ఇవ్వలేని కాలేజీ ఇంటి పక్కనే ఉన్నా, ఫీజు సగమే అయినా నేనైతే చేరమని చెప్పను. థియేటర్‌లో మత్తు డాక్టర్ మీ చేతికి పని ఇస్తారా, అక్కడ మెడికల్ విద్యార్థులతో పోటీ పడాలా? ఇంటర్న్‌షిప్ అంబులెన్స్‌కు రోజుకు ఎన్ని కాల్స్ వస్తాయి? టీమ్ లీడ్‌గా నిజంగా నడపనిస్తారా, నరంలోకి సెలైన్ గొట్టం (ఐవీ) మాత్రమే పెట్టించి పంపేస్తారా? వీటికి జవాబు కాలేజీ బ్రోచర్‌లో దొరకదు. నిరుడు అక్కడ పూర్తిచేసిన వాళ్లను అడగండి. ఆ కాలేజీ రెండు వందల మైళ్ల అవతల ఉంటే ఆ ఊరికి మారండి, సీటు కోసం ఒక ఏడాది ఆగాల్సొస్తే ఆగండి. ఆగడానికి ఇది సరైన కారణం.

కానీ ఎంతమంది మారగలరు? కార్మిక గణాంక శాఖ లెక్కల్లో 2023లో ఈఎంటీ వార్షిక మధ్యస్థ జీతం 39 వేల డాలర్లలోపే, పారామెడిక్‌ది 53 వేల పైన. ఆ జీతంతో అద్దె కడుతూ, ఫీజు కడుతూ, వందల గంటలు ఇంటర్న్‌షిప్ చేయాలి. ఎక్కువ చోట్ల దానికి జీతం ఉండదు. పక్కనే అదే ఎమర్జెన్సీ విభాగంలో నేర్చుకునే రెసిడెంట్ డాక్టర్‌కు మాత్రం జీతం ఇస్తారు, దానికి మెడికేర్ (ప్రధానంగా వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా) డబ్బు కూడా వెళ్తుంది. ఈ తేడా ఎందుకంటే, ఈ దేశం అంబులెన్స్‌ను ఇంకా వైద్యంగా చూడటం లేదు. 1966 హైవే భద్రతా చట్టం నాటి నుంచి కేంద్రంలో ఈఎంఎస్ (అత్యవసర అంబులెన్స్ వైద్య సేవల) వ్యవహారాలు ప్రధానంగా రవాణా శాఖలోనే నడుస్తున్నాయి. పేషెంట్‌ను ఆసుపత్రికి మోసుకెళ్తేనే మెడికేర్ సాధారణంగా డబ్బిస్తుంది. ఇంటి దగ్గరే వైద్యం చేసి పేషెంట్‌ను నిలబెడితే రాదు. ప్రయాణానికి మాత్రమే ధర కట్టే వ్యవస్థ, ఆ ప్రయాణంలో ప్రాణం నిలబెట్టే మనిషి చదువుకు ఖర్చు పెట్టదు.

కొన్ని ఫైర్ డిపార్ట్‌మెంట్‌లు, అంబులెన్స్ సర్వీసులు తమ ఈఎంటీలకు జీతమిస్తూ చదివించి, బదులుగా కొన్నేళ్లు పనిచేయమని ఒప్పందం రాయించుకుంటున్నాయి. కాలేజీ మంచిదై, మధ్యలో వెళ్లిపోతే కట్టాల్సిన సొమ్ము న్యాయంగా ఉంటే, కొత్త ఈఎంటీకి ఇప్పుడు ఇంతకంటే మంచి దారి కనిపించడం లేదు. రాష్ట్రాలు దీన్ని యజమానుల దయకు వదిలేయకూడదు. గుర్తింపు పొందిన ప్రతి ప్రోగ్రామ్‌లోనూ ఇంటర్న్‌షిప్‌కు గంటల లెక్కన జీతం రాష్ట్ర బడ్జెట్ నుంచే రావాలి.