పెళ్ళిచూపుల్లో చెల్సీ

మా మేనల్లుడు రైతుబజార్లో కొత్తిమీర కట్ట పది రూపాయలంటే ఎనిమిదికివ్వమని నిలబడి బేరమాడే మనిషి. అదే మనిషి, "కైసెడోని 115 మిలియన్ పౌండ్లకి కొన్నాం మావయ్యా, దండగేం కాలేదు" అంటాడు. మన లెక్కలో అది 1,000 కోట్లకు పైమాట. ఆ ఆటగాణ్ణి కొన్నది లండన్‌లోని చెల్సీ ఫుట్‌బాల్ క్లబ్బు. డబ్బు కట్టింది 2022లో దాన్ని చేతిలోకి తీసుకున్న అమెరికా పెట్టుబడిదారులు. ఆ క్లబ్బుకీ కూకట్‌పల్లిలో ఉండే మావాడికీ ఉన్న చుట్టరికమల్లా ఒక నీలం చొక్కా, ఆట చూడ్డానికి నెలనెలా కట్టే చందా, వారానికి రెండు రాత్రుల నిద్ర.

మా అబ్బాయిదీ అదే జబ్బు. ఇద్దరిదీ ఒకే జట్టు కదా, కలిసి ఏడుస్తారు, కలిసి నవ్వుతారు అనుకుంటే మీరు ఫుట్‌బాల్ అభిమానుల్ని చూడనట్టే. వేరే జట్టు వాడితో అయితే మ్యాచ్ అయిపోగానే గొడవా అయిపోతుంది. సొంత జట్టు వాడితో అలా కాదు. ఆస్తి తగాదాల్లాగే ఇవీ అన్నదమ్ముల మధ్యే ముదురుతాయి.

మేనల్లుడిది కోబమ్ పక్షం. కోబమ్ అంటే లండన్ పక్కన సర్రేలో చెల్సీ వాళ్ళ శిక్షణ కేంద్రం. ఆరేడేళ్ళ పిల్లల్ని చేర్చుకుని అక్కడే పెంచి పెద్దచేస్తారు. 2015లో, 2016లో వరసగా యూరప్ యూత్ లీగ్ గెలిచింది ఆ పిల్లలే. వాళ్ళని ఆడించకుండా అమ్మేస్తున్నారన్నది వీడి దుఃఖం. మా అబ్బాయిది కొనుగోళ్ళ పక్షం. చేతిలో డబ్బుంది, ప్రపంచంలో కుర్రాళ్ళున్నారు, కొనడానికి మీకేం నొప్పి అంటాడు. వాడి స్కూటీకి ఇన్సూరెన్స్ కట్టింది నేను.

శ్రావణం రాగానే అక్కయ్య విజయవాడలో ఒక సంబంధం చూడ్డానికి అందరినీ కారెక్కించింది. అంతకుముందే వెళ్దామంటే ఆషాఢం వద్దన్నారు పంతులుగారు. మేనల్లుడూ వద్దన్నాడు. అమెరికాలో క్లబ్ వరల్డ్ కప్ జరుగుతోందని వాడి కారణం. ఆ కప్పు చెల్సీ గెలిచింది. దాంతో దారి పొడుగునా నాకు శాంతి ఉంటుందనుకున్నాను.

చౌటుప్పల్ దాటకముందే మా అబ్బాయి మొదలెట్టాడు. "పారిస్ వాళ్ళ పీఎస్‌జీ లాంటి జట్టుని ఫైనల్లో మూడు సున్నాతో కొట్టాం బావా. అదీ ఫస్ట్ హాఫ్‌లోనే. ఇంకా ఏడుపు మొహమేనా?"

"రెండు గోల్స్ కొట్టిన పామర్ ఎవరి పిల్లాడ్రా? మాంచెస్టర్ సిటీ అకాడమీ పిల్లాడు. పరాయింటి వాణ్ణి 40 మిలియన్లు పోసి తెచ్చుకున్నాం. ఆరేళ్ళప్పట్నించి మన దగ్గరే పెరిగిన మౌంట్‌ని 55కి అమ్ముకున్నాం."

"సిటీ వాళ్ళు అమ్మితే అది మన తెలివి, మనం అమ్మితే ద్రోహమా?"

"2021లో పోర్టోలో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. ఆ ఒక్క గోల్‌కి హావర్ట్స్‌కి పాస్ ఇచ్చిందెవడు?"

"మౌంటే. 2023లో లీగ్‌లో పన్నెండో స్థానానికి పడిపోయినప్పుడూ ఉన్నాడుగా మీ మౌంట్. ఆ మాట అనవేం?"

సూర్యాపేట దగ్గర టీకి ఆగేసరికి మేనల్లుడు అమ్మేసినవాళ్ళూ చేజారినవాళ్ళూ కలిపి ఒక జట్టు కట్టేశాడు. డిబ్రూయిన్, సలా, పదహారేళ్ళకే జర్మనీ జట్టు బయర్న్‌కి వెళ్ళిపోయిన ముసియాలా, పద్నాలుగేళ్ళకి వద్దని పంపేసిన డెక్లన్ రైస్. చెప్తుంటే కళ్ళలో నీళ్ళొక్కటే తక్కువ. కోదాడ దగ్గర లుకాకు వచ్చాడు. 2014లో 28 మిలియన్లకి అమ్మి, 2021లో 97.5కి మళ్ళీ కొని, ఏడాది తిరక్కుండా కొన్నచోటికే లోన్ మీద, అంటే ఆడుకోమని అరువుకి, పంపారట. అప్పటిదాకా కళ్ళు మూసుకుని లలితా సహస్రనామం చదువుకుంటున్న అక్కయ్య, "పాతసామాన్ల వాడికి ఇత్తడి బిందె వేసి, వాడి దగ్గరే మూడింతలకి మళ్ళీ కొన్నట్టుందిరా" అని మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఇన్నేళ్ళలో ఆ క్లబ్బు గురించి అంత సూటిగా నాకెవరూ చెప్పలేదు.

"అక్కడికెళ్ళాక ఫుట్‌బాల్ మాటెత్తితే ఊరుకోను" అని నందిగామలో ఇద్దరికీ గట్టిగా చెప్పాను. బుద్ధిగా తలలూపారు.

అమ్మాయి వాళ్ళది సత్యనారాయణపురంలో పాత డాబా. తండ్రి ఆడిట్‌లో పనిచేసి రిటైరయ్యారు. చొక్కా జేబులో రెండు పెన్నులు, ఒకటి ఎరుపు. జీడిపప్పు ఉప్మా, సున్నుండలు వచ్చాయి. ఎండల గురించి, ప్రకాశం బ్యారేజీకి వచ్చిన నీళ్ళ గురించి మాట్లాడుకున్నాం. అంతా పద్ధతిగా నడుస్తోంది. అప్పుడు ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. ఒకరి మొహం ఒకరు చూసుకుని, "సిగ్నల్ లేదు, ఒక్క నిమిషం" అని వెనక వరండాలోకి వెళ్ళిపోయారు.

ఆ వరండాలోకే వంటింటి కిటికీ. కిటికీ అవతల అమ్మాయి తల్లి కాఫీ కలుపుతున్నారు, నాయనమ్మగారు పీటమీద కూర్చుని పళ్ళేలు సర్దుతున్నారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

కాఫీ రావడం ఆలస్యమైంది. వచ్చాక, గ్లాసులు పెట్టిన ఆవిడ మొహంలో ఇందాకటి నవ్వు లేదు. పంచదార సరిపోయిందా అని కూడా అడగలేదు. భర్తని లోపలికి పిలిచారు. గుసగుసలు. రెండు నిమిషాల తర్వాత ఆయన తలుపు దగ్గర నిలబడి, "బావగారూ, మీరొకసారి ఇలా రండి" అని నన్ను పక్కగదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేశారు.

"ఏమీ అనుకోకండి. అబ్బాయికి మోకాలి ఆపరేషన్ అయిందా?"

"అబ్బే, లేదండీ."

"నెలల తరబడి మంచం మీదే ఉండాలన్నారట. మా ఆవిడ విన్నది." ఆయన గొంతు ఇంకా తగ్గించారు. "సరే, దెబ్బలు ఎవరికైనా తగులుతాయి. నాలుగు లోన్లున్నాయట. ఇరవై రెండేళ్ళకే నాలుగు లోన్లు చుట్టి వచ్చాడన్నారట."

నాకు ఒళ్ళంతా చెమట పట్టింది. మేనల్లుడికి ఒక్క లోను లేదు. క్రెడిట్ కార్డు కూడా భయపడుతూ వాడతాడు.

"ఇంకో సంగతి. మీకు లండన్‌లో హోటళ్ళుండేవట కదా. చేతులు మార్చి మీవాళ్ళకే అమ్మేసుకున్నారట. మీ బావగారు పంచాయతీరాజ్‌లో గుమాస్తాగా చేశారని చెప్పారు." ఎర్ర పెన్ను జేబులోంచి బయటికొచ్చింది. "ఆ ఆదాయం ఎందులో చూపారు?"

నేను నోరు తెరిచేలోగా వెనక తలుపు తోసుకుని నాయనమ్మగారు వచ్చారు. ఎనభై దాటినావిడ, చేతికర్ర లేకుండానే వచ్చారు. "అవన్నీ తర్వాత అడుగు. ముందు ఆడపిల్లల్ని అమ్మేశారట, అది అడుగు! హోటళ్ళు అయిపోయాయని ఆడపిల్లల్ని అమ్మేశారట! ఇంట్లో పెంచినవాళ్ళని అమ్మితే వచ్చిందంతా లాభమేనని చెప్తున్నాడు ఆ చిన్న కుర్రాడు, నవ్వుతూ!"

ఆ చిన్న కుర్రాడు మావాడే.

ఇద్దర్నీ పిలిచాను. విషయం చెప్పగానే నవ్వేసి క్షమించమని అడుగుతారనుకున్నాను. వాళ్ళు వివరణ మొదలుపెట్టారు. మోకాలు కోల్‌విల్‌ది, కోబమ్‌లో పెరిగిన డిఫెండర్, ప్రాక్టీసులో లిగమెంట్ తెగింది. లోన్లు గల్లగర్‌వి, వాణ్ణి చార్ల్‌టన్, స్వాన్సీ, వెస్ట్ బ్రామ్, క్రిస్టల్ ప్యాలెస్ క్లబ్బులకి తిప్పి తిప్పి చివరికి 2024లో అట్లెటికో మాడ్రిడ్‌కి అమ్మేశారు. హోటళ్ళు చెల్సీ మైదానం పక్కనే ఉన్నవి. ఆడపిల్లలంటే చెల్సీ మహిళల జట్టు, క్లబ్బు దాన్ని తన మాతృసంస్థకే అమ్మింది.

"హోటళ్ళు 76.5 మిలియన్లకి, సోదర సంస్థకే" అని మా అబ్బాయి గొప్పగా చెప్పాడు.

"సోదర సంస్థకా?" అన్నారు ఆయన.

ఆ అనడంలో ఏదో తేడా కనిపించింది నాకు. కొన్నేళ్ళుగా మూతపడ్డ ఆఫీసుకి మళ్ళీ కరెంటు వచ్చినట్టు ఆయన వెన్ను నిటారైంది. కుర్చీ లాక్కుని కూర్చుని, చేతికందిన కాగితం తిరగేసి గీతలు కొట్టారు. అది మేనల్లుడి బయోడేటా.

"కొన్న ఆటగాడి ఖర్చు ఎలా రాస్తారు?"

"ఒప్పందం ఎన్నేళ్ళుంటే అన్నేళ్ళకి పంచుతారండీ" అన్నాడు మేనల్లుడు. "ముద్రిక్‌ని 62 మిలియన్లకి కొని ఎనిమిదిన్నరేళ్ళ ఒప్పందం రాశారు."

"అంటే ఏటా ఖర్చు తక్కువ కనిపించడానికన్నమాట! ఎవరూ అడగలేదా?"

"అడిగారండీ. అయిదేళ్ళకి మించి పంచకూడదని యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య 2023లో రూలు పెట్టింది."

"పెట్టాలి మరి! 62ని..." అని ఆయన భాగహారం వేస్తుండగా గుమ్మం దగ్గర్నించి, "ఎనిమిదిన్నరకి అయితే 7.3, అయిదుకి అయితే 12.4 నాన్నా" అని వినిపించింది. అమ్మాయి. పట్టుచీర, చేతిలో పళ్ళెం. ఎంతసేపట్నించి నిలబడిందో. పెళ్ళికూతుర్ని చూడ్డానికి వచ్చినవాళ్ళం ఎవరమూ ఆ వైపు చూడనే లేదు.

"మరి ఇంట్లో పెరిగినవాణ్ణి అమ్మితే?" ఆయన దృష్టి కాగితం మీదే ఉంది.

"పుస్తకాల్లో వాడి కొన్న ధర సున్నా కదండీ. వచ్చిన సొమ్మంతా ఆ ఏటి లాభమే." మేనల్లుడి గొంతు బరువెక్కింది. "అందుకే ముందు మన పిల్లల్నే అమ్ముతారు. మౌంట్, గల్లగర్, మాట్సెన్, లూయిస్ హాల్. ఆట బాగాలేక కాదండీ, లెక్క బాగుండాలని."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ కోబమ్ గొడవ నాకు కూడా అప్పుడే బుర్రకెక్కింది. నాయనమ్మగారు పక్కకి తిరిగి ముక్కు తుడుచుకున్నారు. "పాపిష్టి వాళ్ళు" అన్నారు, ఎవరినో స్పష్టంగా తెలీదు.

మా అబ్బాయి ఊరుకోవచ్చుగా. "అలా అమ్మి తెచ్చిన డబ్బుతోనే బామ్మగారూ ఈ ఏడు రెండు కప్పులు కొట్టాం. కాన్ఫరెన్స్ లీగ్ కూడా మాదే" అన్నాడు.

"కప్పులెందుకురా, పిల్లలు పోయాక!"

ఆయన మాత్రం అవతలి గట్టున ఉన్నారు. సోదర సంస్థకి అమ్మిన ఆస్తిని ఆదాయంగా ఒప్పుకోకూడదని, తన సర్వీసులో ఎవరినీ అలా వదల్లేదని చెప్పారు. జులైలో సమాఖ్య చెల్సీకి 31 మిలియన్ యూరోల జరిమానా వేసిందని, అందులో ఆ అమ్మకాల్ని లెక్కలోకి తీసుకోలేదని మేనల్లుడు చెప్పేసరికి ఆయన మొహం వెలిగిపోయింది. "చూశావా!" అని భార్యతో అన్నారు. ఆవిడ ఉప్మా గిన్నె తీసుకుని లోపలికెళ్ళిపోయారు.

ఎట్టకేలకు అక్కయ్య, మనం వచ్చిన పని గుర్తుచేసి, పిల్లలిద్దర్నీ మాట్లాడుకోమని ఆ వరండాలోకే పంపింది. కిటికీ మూయడం ఎవరికీ తోచలేదు. నేను వినకూడదనుకున్నాను, కానీ చోటు అలాంటిది.

"ఇంతగా చెప్తున్నారు, మీరు ఆడతారా?" అని అమ్మాయి అడిగింది.

"ఇప్పుడు లేదండీ. స్కూల్లో ఆడేవాణ్ణి. ఒకసారి పడ్డప్పట్నించి మోకాలు పట్టేస్తుంది..."

వంటింట్లో గరిటె కింద పడిన చప్పుడు వినిపించింది.

తిరుగు ప్రయాణంలో చిల్లకల్లు దాకా కార్లో ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మా అబ్బాయి మెల్లగా, "అయినా కోల్‌విల్ లేకపోతే సెంటర్ బ్యాక్‌ని కొనాల్సిందే బావా" అన్నాడు. మేనల్లుడు, "మన అకాడమీ పిల్లాడు అచియాంపాంగ్ ఉన్నాడుగా, వాణ్ణి ఆడించమను" అన్నాడు. అక్కయ్య సహస్రనామం మొదట్నించి అందుకుంది.

వారం గడిచింది. కబురు లేదు. అక్కయ్య వేరే బయోడేటాలు తెప్పించడం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం నేను వాళ్ళింట్లో ఉండగా విజయవాడ నుంచి ఫోనొచ్చింది. అక్కయ్య పసుపు చెయ్యి కొంగుకి తుడుచుకుని స్పీకర్ నొక్కింది. బావగారు టీవీ కట్టేశారు.

"నమస్కారమమ్మా. అబ్బాయున్నాడా?" అమ్మాయి తండ్రి గొంతు. "ఆ మహిళల జట్టు అమ్మకం సంగతి. 2024లో అమ్మారు కదా, ఆ ఏటి నష్టం దాంతోనే లాభంగా మారిందని అనుమానంగా ఉంది. ఎంతకి అమ్మారో, విలువ ఎవరు కట్టారో కాస్త కనుక్కోమనండి."

"అలాగే అన్నయ్యగారూ" అంది అక్కయ్య, ఏం చెయ్యాలో తోచక. "మరి... సంబంధం సంగతి?"

"అదా? అది మా ఆవిడ మాట్లాడుతుందమ్మా. ముందు అబ్బాయికివ్వండి ఫోను."