మహారాజశ్రీ సూట్‌కేసు గారికి

మహారాజశ్రీ 28 అంగుళాల సూట్‌కేసు గారికి, హైదరాబాదు నుంచి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ డాలస్‌లో తమరు మంచం పక్కన నోరు తెరుచుకుని పడి ఉన్నారని తెలిసింది. చదువు ముగించిన మన పిల్లలు నల్ల గౌను వేసుకుని టోపీలు ఎగరేసిన ఫొటోలు ఫ్యామిలీ గ్రూపుల్లోకి వచ్చేశాయి. ఇక ఆ ఊరినంతా తమ కడుపులో కుక్కి శంషాబాదులో దించడమే తరువాయి.

ముందు తమ వాటా తేల్చుకుందాం. టికెట్ మీద పెట్టెకు 23 కిలోలని ఉంటుంది. అందులో నాలుగున్నర కిలోలు తమ ఒంటి బరువే. అంటే దాదాపు 20 శాతం. మన ప్లాట్ల బ్రోకర్లు రెండు శాతం అడిగితే మొహం చిట్లిస్తాం, తమ ముందు వాళ్ళు దానకర్ణులు. పోనీ ఒక పెట్టెలో 25, ఇంకోదాంట్లో 21 పెట్టి సగటు చెబుదామా అంటే కౌంటర్లో ఆ లెక్క చెల్లదు, ఏ పెట్టె తూకం ఆ పెట్టెదే. 32 దాటితే డబ్బు కడతామన్నా మామూలు లగేజీగా తీసుకోరు. ఎత్తే మనిషికీ నడుముంటుంది కదా. కొక్కేనికి వేలాడదీసే తూకం అరకిలో అటూ ఇటూ చూపిస్తుంది, 22 దగ్గర చేయి ఆపేయాలి.

గాలి పీల్చేసే కవర్ల గొప్ప కూడా విన్నాం. రగ్గు అప్పడమైపోతుందట. అవుతుంది. చోటు మిగులుతుంది, బరువు తగ్గదు. ఆ మిగిలిన చోట్లో ఇంకో నాలుగు కిలోలు దూర్చి, ఎయిర్‌పోర్టు నేల మీద అందరి ముందూ విప్పుకుని కూర్చోవడం దాని ఫలితం.

తమ అజీర్తికి కారణం మేమేనని ఒప్పుకుంటున్నాం. జాబితా ఇక్కడి నుంచే వస్తుంది. కాలిఫోర్నియా బాదం రెండు కిలోలు. బేగంబజార్‌లో బస్తాల్లో అమ్మేదాంట్లోనూ కాలిఫోర్నియా బాదమే ఉంది, అయినా తమ పొట్టలో ఒకటిన్నర రోజు ప్రయాణం చేస్తే గానీ మేనత్తకు రుచి ఆనదు. తర్వాత చాక్లెట్లు. చదువు ముగిసేది మేలో. మేలో మన ఊరు 40 డిగ్రీలు దాటుతుంది, కోకో వెన్న 34 దగ్గరే కరిగిపోతుంది. విమానంలో బాగానే ఉన్న చాక్లెట్ కారు డిక్కీలో కూకట్‌పల్లి చేరేసరికి హల్వా. హడావుడిగా ఫ్రిజ్‌లో పెడితే పైన తెల్లటి పొర కడుతుంది. అది బూజు కాదు, కొవ్వు పైకి తేలి గడ్డకట్టింది, తినొచ్చు. ఈ శాస్త్రం వదినగారికి ఎవరు చెబుతారు? పాతవి అంటగట్టారని ఆవిడ అప్పటికే నాలుగిళ్ళకు చెప్పేసి ఉంటారు.

రైస్ కుక్కర్‌ను మాత్రం తమరు లోపలికి రానివ్వకండి. దాని అడుగున 120 వోల్టులని మాత్రమే రాసి ఉంటే ఇక్కడి 230కి ఒక్కపూట కూడా నిలవదు. అడాప్టర్ ఉందిగా అంటారు. అది పిన్నుల ఆకారం మారుస్తుంది గానీ వోల్టేజీని కాదు. వోల్టేజీ దాదాపు రెట్టింపైతే కాయిల్ మీద పడే వేడి మూడున్నర రెట్లు దాటుతుంది, అన్నం సంగతి తర్వాత, ముందు కాయిల్ మాడుతుంది. ఫోన్, లాప్‌టాప్ చార్జర్ల మీద 100–240 అని ఉంటుంది, వాటికి దిగుల్లేదు. కుక్కర్ జూనియర్లకు ఇచ్చేద్దామంటే మనవాళ్ళు ఖాళీ చేసేది మేలో, వాళ్ళు దిగేది ఆగస్టులో. మధ్యలో మూడు నెలలు దాన్ని ఎవరి బాల్కనీలో పెట్టాలన్నదే అసలు స్నాతకోత్తర సమస్య.

ఇంతకీ తమ మీద మా అసలు ఫిర్యాదు వేరే. తూకంలో తేలని వాటిని తమరు లెక్కే చేయరు. డాలస్ ఉన్న టెక్సాస్ రాష్ట్ర చట్టం ప్రకారం అద్దె ఇల్లు అప్పజెప్పిన 30 రోజుల్లో డిపాజిట్ తిరిగివ్వాలి, కానీ కొత్త చిరునామా రాతపూర్వకంగా ఇచ్చేదాకా ఓనరుకు ఆ బాధ్యత లేదు. ఒక్క ఈమెయిలో, కాగితమో, బరువు సున్నా. బాదం రెండుసార్లు తూచినవాళ్ళు దీన్ని మర్చిపోతారు. అలాగే ఫోన్ నంబరు. సిమ్ రద్దు చేసుకుని విమానమెక్కితే, హైదరాబాదులో కూర్చుని అక్కడి బ్యాంకు తెరిచినప్పుడు ఓటీపీ ఆ చచ్చిన నంబరుకే పోతుంది. డబ్బు కనిపిస్తుంది, కదలదు. బయల్దేరేముందే నంబరును చవక ప్లాన్‌లోకి మార్చుకుని, అక్కడ ఉండగానే ఓటీపీ వస్తోందో లేదో చూసుకోవాలి. క్యాంపస్‌లో పనిచేసినవారికి జీతం, అందులో కోసిన పన్ను చూపే డబ్ల్యూ-2 కాగితం జనవరిలో పాత అపార్టుమెంటు డబ్బాలో పడుతుంది, ఆన్‌లైన్‌లో వచ్చేట్టు ముందే పెట్టుకుంటే ఏప్రిల్ 15 నాటికి పన్ను లెక్కలకు వెతుకులాట ఉండదు. సీలు వేసిన ట్రాన్‌స్క్రిప్టులు, అంటే మార్కుల పత్రాలు, తమలో కాదు, చేతిసంచీలో. పవర్ బ్యాంకూ అక్కడే, అది తమ కడుపులో దొరికితే మళ్ళీ కోత తప్పదు.

దోహా మీదుగా ఒకే టికెట్ అయితే తమరు నేరుగా శంషాబాదు బెల్టు మీదికి వస్తారు. ఢిల్లీలో దిగితే సాధారణంగా అక్కడే తమను దించుకుని, కస్టమ్స్ దాటించి, మళ్ళీ అప్పజెప్పాలి. హైదరాబాదు ముక్క వేరే టికెట్‌గా చవకగా కొన్నవారికి అక్కడ సాధారణంగా 15 కిలోలే. మిగతాదానికి కట్టే డబ్బుతో ఆ చవక చెల్లు. పాత ప్రయాణాల బార్‌కోడ్ స్టిక్కర్లు పీకేసి రండి, మెషీన్ ఏది చదివితే ఆ ఊరికి పోతారు. హ్యాండిల్‌కు ఎర్ర రిబ్బన్ కట్టారట. ఆ బెల్టు మీద అందరికీ అదే ఉంటుంది.

సజ్జ మీద తమకు చోటు తుడిచి ఉంచాం. లోపల రెండు కిలోల చలికోటు, నాలుగు కలరా ఉండలు.

ఇట్లు,
నిచ్చెన పట్టుకున్నవాళ్ళం

తా.క.: పక్కింటివాళ్ళ అమ్మాయికి ఆగస్టులో ప్రయాణం, తమను అరువడిగారు. లోపల ఆవకాయ నూనె మరక ఉందని చెప్పాం. ఫరవాలేదు, మేమూ పెట్టేది అదేనన్నారు.