వేలం పాట గారికి ఒక సత్రం ఊరివాడి లేఖ

మహారాజశ్రీ వేలం పాట గారి సముఖమునకు,

కోనసీమ నుంచి మీ పాత శ్రోత ఒకడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ కాలవలకి నీళ్లొచ్చాయి, నారుమళ్లు పోశారు. సత్రం తలుపు మాత్రం తీయలేదు. తాళం తుప్పు పట్టింది, దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికి వారు పక్కవాడి పేరు చెబుతున్నారు.

మా సత్రం పొలాలు కౌలుకిచ్చే వేలంలో ధర చెప్పడాన్ని మా వాళ్లు 'పాట పాడటం' అని ఎందుకంటారో చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. ఇప్పుడు బాగా తెలుసు. ఎవరు ఎత్తుకోవాలి, ఎవరు అందుకోవాలి, ఎక్కడ ఆపేయాలి అన్నీ ముందురోజు రాత్రే ఎవరి చావిట్లోనో కుదిరిపోతాయి. మర్నాడు మీరు మా సత్రం అరుగు మీదకి దయచేసేది కచేరీకే. దీన్ని సిండికేట్ అంటారు గానీ, మీ మర్యాద కోసం నేను 'బృందగానం' అంటాను.

మొన్న మే నెల కచేరీ సంగతే చూడండి. షామియానా వేశారు. దేవాదాయ శాఖ ఆఫీసరు గారు రిజిస్టరు తెరిచారు. "పాత మక్తా మీద వంద" అని కౌలు పెంచాడొకాయన. "ఇంకో వంద" అన్నాడు ఆయన బావమరిది. ఆ తర్వాత ఇద్దరూ అల్లం చట్నీలో ఉప్పు ఎక్కువైందని మాట్లాడుకున్నారు. "ఒకటోసారి... రెండోసారి..." అంటుండగా, ఆ పొలాన్ని పదిహేనేళ్లుగా దున్నుతున్న కౌలు రైతు తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, అరుగు ఎక్కకుండానే "నేనూ పాడొచ్చాండీ?" అని అడిగాడు. షామియానా కింద ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. "ధరావతు కట్టావా?" అన్నారు ఆఫీసరు గారు. ఈలోపు పాట పాడినాయన లేచొచ్చి అతని భుజం మీద చెయ్యేశాడు. "నీకెందుకు బాబాయ్ టెన్షన్? నేను పాడుతున్నాగా! చేసుకునేది నువ్వే కదా!"

నిజమే, చేసుకునేది బాబాయే. సత్రం లెక్కలో పడేది ఎకరానికి పన్నెండు బస్తాలు. బాబాయ్ కొలిచేది ఇరవై ఆరు. మధ్యలో పద్నాలుగు బస్తాలు మీ గాత్రానికి సంభావన. తుపానొచ్చి చేను పడిపోతే, నష్టపరిహారం జాబితాలోనూ పాటగాడి పేరే ఉంటుంది. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతు సాగుదారు కార్డు తీసుకోవాలంటే భూ యజమాని సంతకం కావాలి. ఇక్కడ యజమాని సత్రం. సత్రం సంతకం పెట్టదు. దాని తరఫున పెట్టాల్సిన వాళ్లేమో 'మా కాగితాల్లో కౌలుదారు వేరే ఆయన' అంటారు.

చట్టం గుడ్డిదేం కాదండి. 1987 దేవాదాయ చట్టం సెక్షన్ 82లో 'భూమిలేని నిరుపేద' అని ఒక మాట పెట్టి, అలాంటివాడి కౌలుకి రక్షణ ఇచ్చింది. మాగాణి అయితే రెండున్నర ఎకరాలు, మెట్ట అయితే అయిదెకరాలు దాటకూడదు. మా ఊళ్లో ఆ కొలతకి సరిగ్గా సరిపోయిన నిరుపేద ఒకాయన ఉన్నాడు. రెండంతస్తుల డాబా, రొయ్యల చెరువులు, కారు. అన్నీ అత్తగారి పేరు మీద. పాపం, ఆయన పేరున ఏమీ లేదు.

మీ వయసు గురించి ఒక మాట. మీరేదో కొత్తగా చెడిపోయారని ఊళ్లో అనుకుంటారు. నేను ఒప్పుకోను. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలైంది. అంతకు 30 ఏళ్ల ముందే, 1817లో, కంపెనీ వాళ్లు మద్రాసులో ఏడో రెగ్యులేషన్ తెచ్చారు. గుళ్లకీ మసీదులకీ సత్రాలకీ ఇచ్చిన భూముల రాబడి దాతలు అనుకున్న పనికి కాకుండా ఇంకెక్కడికో పోతోందని అందులో రాసుకున్నారు. 1863లో, ఈ దేవుడి గొడవ మాకెందుకని తెల్లదొరలు చేతులు దులుపుకుని కమిటీలకి అప్పజెప్పారు. తర్వాత 1927, 1951, 1966, 1987... చట్టం మారినప్పుడల్లా బోర్డు మీద పేరు మారింది. మీ రాగం మారలేదు.

మా సత్రం మాన్యానికి ఇనాం ఫెయిర్ రిజిస్టర్‌లో, అంటే మాన్యాల పాత సర్కారు పుస్తకంలో, టి.డి. (హక్కుపత్రం) నంబరుంది. 'బాటసారుల భోజనం నిమిత్తం' అని రాసుంది. అందులో కొంత గోదారి నడుమ ఉన్న లంక భూమి. గోదారి కోతకి అది కొంచెం కొంచెంగా జారి, 1986 వరదతో మిగిలిన ముక్కా పోయింది. దాని మీద ఇప్పుడు రేవు దాటించే పంటు నడుస్తుంది. మీరు మాత్రం ఆ లంకని కూడా ప్రతిసారీ పాడిస్తున్నారు, బకాయి కూడా చూపిస్తున్నారు. గోదారి తల్లి దగ్గర ధరావతు వసూలు చేశారో లేదో నాకు తెలియదు.

మాకు కాస్త దూరంలోనే లంకల గన్నవరం. అక్కడ డొక్కా సీతమ్మ గారు వేళ కాని వేళ వచ్చినవాడికి కూడా ఆకు వేసి అన్నం పెట్టేవారు. ఆవిడకి ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు లేడు, పాలకవర్గం లేదు, మీరూ లేరు. మాకు మీరంతా ఉన్నారు, ఆకే లేదు.

మిమ్మల్ని ఊరొదిలి పొమ్మనడం లేదు. కాస్త పద్ధతిగా పాడమంటున్నాం. సత్రం గోడ మీద సర్వే నంబరు, విస్తీర్ణం, ఎవరు పాడారు, ఎంతకి పాడారు, ఎంత బాకీ అన్నది బస్తాల్లెక్కన పెద్దక్షరాలతో రాయించండి. సున్నం ఖర్చు నేనిస్తాను. పాట అయిన నెలకి గ్రామసభలో ఆ లెక్క చదివి వినిపించండి. పాడినవాడు దున్నకపోతే పాట కొట్టేయండి. బాబాయ్ లాంటివాడి దగ్గర ధరావతు వాయిదాల్లో తీసుకోండి. ఇవేవీ కుదరవంటే, కనీసం పాట ఎప్పుడో ముందుగా దండోరా వేయించండి. పోయినసారి వేయించామని రాశారు. మా వీధిలో డప్పు చప్పుడు విన్నవాళ్లు లేరు. బహుశా లంకలో వేయించి ఉంటారు.

ఇట్లు,
అరుగు కింద నిలబడి విన్న
మీ శ్రోత

తా.క.: సమాచార హక్కు కింద సత్రం ఖర్చుల నకలు తెప్పించుకున్నాను. పాట రోజు బొండాలు, అల్లం చట్నీ, టీలు నలభై మందికి. ఆ బిల్లు 'అన్నదానం' పద్దులో రాశారు. ఆ పద్దులో ఆ ఏడాది ఇంకో ఖర్చు లేదు.