పాత రిసీవర్‌ను మళ్లీ కొలిమిలో పెడితే బాగుపడదు

పాత తుపాకులు సేకరించే అమెరికా మిత్రులు ఒకే మెసేజ్‌ను మళ్లీ మళ్లీ పంపుతున్నారు: "పాత రైఫిల్ భాగాలను గ్యాస్ మంట టార్చ్‌తో ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచండి, గట్టిపడతాయి. రంగులు వస్తే పని అయినట్టే. మూత్రంలో ముంచితే ఇంకా మంచిది. 1903 స్ప్రింగ్‌ఫీల్డ్ పాత రిసీవర్లకూ ఇదే వైద్యం. మన పెద్దలు వేడి కొలిచే మీటర్లు వాడారా?" 1903 స్ప్రింగ్‌ఫీల్డ్ అంటే అమెరికా సైన్యం వాడిన పాత రైఫిల్. రిసీవర్ అంటే తూటాను వెనక నుంచి మూసి పట్టే బోల్టును ఇముడ్చుకునే ఉక్కు చట్రం.

మూత్రం సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను. అది ఉప్పునీరు లాంటిదే, ఉప్పునీరు మామూలు నీటికన్నా వేగంగా చల్లబరుస్తుంది. అంతకు మించి అందులో మహిమ లేదు.

రంగులు ఉపరితలం మీది పలుచని ఆక్సైడ్ పొర మాత్రమే. గట్టి ఉక్కును 300 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేసినా నీలం వస్తుంది, కానీ అప్పటికి దాని గట్టితనం కొంత తగ్గి ఉంటుంది. ఇక కార్బన్ తక్కువున్న ఉక్కును ఎన్నిసార్లు కాల్చి ముంచినా కేస్ హార్డెనింగ్ (పైపొరను మాత్రం గట్టిపరచడం) కాదు. ఎముక బొగ్గు, కర్ర బొగ్గు నింపిన పెట్టెలో మూసిపెట్టి గంటల తరబడి వేడిచేస్తేనే కార్బన్ పైపొరలోకి ఎక్కుతుంది. ఆ పొర మందం మిల్లీమీటరు దాటడమే అరుదు.

నాకు కోపం తెప్పించింది స్ప్రింగ్‌ఫీల్డ్ మాట. 1917లో ఈ రైఫిళ్లలో కొన్ని పేలుస్తుండగా పగిలాయి. విచారిస్తే తేలిందేమిటంటే, ఫోర్జింగ్ (ఉక్కును కాల్చి కొట్టి ఆకారం తేవడం) దగ్గర పనివాళ్లు వేడిని కంటితోనే అంచనా వేసేవారు. ఎండ బాగా ఉన్న రోజు ఎర్రటి ఇనుము మసకగా కనిపిస్తుంది కాబట్టి ఇంకా కాల్చేవారు. మబ్బు రోజుకూ ఎండ రోజుకూ తేడా 300 ఫారన్‌హీట్ డిగ్రీల దాకా ఉండేది. అలా కొన్నిటిలో ఉక్కే కాలిపోయింది, పెళుసుబారింది. అందుకే 1918లో పద్ధతి మార్చారు. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధశాలలో చేసిన వాటిలో 8,00,000 లోపు, రాక్ ఐలాండ్ ఆయుధశాలలో చేసిన వాటిలో 2,85,507 లోపు సీరియల్ నంబర్లను అనుమానంగా చూసేది అందుకే.

మళ్లీ హీట్ ట్రీట్‌మెంట్ (కాల్చి చల్లార్చి గట్టిపరచడం) చేస్తే సరిపోతుందా? సైన్యం ఆ ప్రయత్నమూ చేసి చూసింది. కాలిన ఉక్కు తిరిగి బాగుపడలేదు. మాడిన అన్నాన్ని మళ్లీ పొయ్యి మీద పెడితే తెల్లబడుతుందా? సొంత ఆయుధశాల, లోహ నిపుణులు ఉన్న సైన్యానికే సాధ్యం కానిది గరాజ్‌లో టార్చ్‌తో అయిపోతుందని రాసినవాళ్లు, ఆ రైఫిల్‌ను చెంపకు ఆనించేది ఎవరో ఒక్క క్షణం ఆలోచించారా? పగిలితే ఉక్కు ముక్కలు వచ్చేది ఆ ముఖం మీదికే!

మెసేజ్‌లో ఒక మాట మాత్రం నిజం. పెద్దలు మీటర్లు వాడలేదు, అయినా మంచి పని చేశారు. నీడలో, అనుభవమున్న కంటికి ఎరుపు ఛాయ చాలావరకు సరిగ్గానే చెబుతుంది. ఉక్కు అయస్కాంతానికి అంటడం మానేసిందంటే వేడి 770 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి చేరినట్టే. చెకుముకి తుపాకీలో నిప్పురవ్వలు రాల్చే ఉక్కు పలకనూ, మరలనూ (స్క్రూలనూ) ఇలా ఇంట్లో గట్టిపరచుకోవచ్చు. తప్పు చేస్తే రవ్వ రాదు, లేదా మర విరుగుతుంది, అంతే.

రిసీవర్, బోల్టు ఆ కోవలోవి కావు. ఆ నంబర్ల రైఫిల్ మీ దగ్గర ఉంటే పేల్చకండి, టార్చ్ కూడా తగలనివ్వకండి.