పొట్లంలో ఉన్నదీ మందే

సీతంపేట సంతలో టార్పాలిన్ పరిచి వేళ్లూ బెరడులూ అమ్మే చోట, నిద్ర పట్టడం లేదనీ దేనిమీదా మనసు నిలవడం లేదనీ చెప్పుకున్నవారికి పేపరు ముక్కలో పొడి పొట్లం కట్టి ఇస్తారు. రెండు పూటలా చెంచాడు, గోరువెచ్చని నీళ్లలో. అది ఏ మొక్క పొడో పొట్లం మీద ఉండదు. కొనుక్కునేవారిని మూఢులనడం నాకు సమ్మతం కాదు; విశాఖలోని చినవాల్తేరు మానసిక వైద్యశాల గడప తొక్కితే ఊళ్లో పిచ్చివాడన్న ముద్ర పడుతుందని భయపడే మనిషికి సంతలో ఆ బెదురు ఉండదు.

కుంగుబాటుకు, అంటే డిప్రెషన్‌కు, మూలికలు బొత్తిగా పనిచేయవనీ అనలేం. ఐరోపాలో వాడే సెయింట్ జాన్స్ వర్ట్ అనే మొక్కపై 29 పరీక్షలను, అయిదు వేలకు పైబడిన రోగుల వివరాలను పరిశీలించిన 2008 నాటి సమీక్ష (వైద్య పరీక్షల ఫలితాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థది), అది మందు లేని ఉత్తుత్తి మాత్రకంటే మెరుగనీ, వాడుకలో ఉన్న మాత్రలకు దాదాపు సమానమనీ తేల్చింది. జర్మన్ మాట్లాడే దేశాల్లో జరిగిన పరీక్షల్లోనే ఫలితాలు మరీ అనుకూలంగా వచ్చాయన్న మెలిక కూడా అందులోనే ఉంది. అమెరికాలో 340 మందిపై జరిపి 2002లో ప్రచురించిన పరీక్షలో అది ఉత్తుత్తి మాత్రను మించలేదు. పోలికకు ఇచ్చిన సెర్ట్రలిన్ అనే కుంగుబాటు మాత్ర కూడా మించలేదు, అది వేరే సంగతి. మన అశ్వగంధకు ఒత్తిడి, ఆందోళనల విషయంలో చిన్న పరీక్షల దన్ను ఉన్నా, కుంగుబాటు విషయంలో ఆ పాటి ఆధారం లేదు. దాన్ని వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు మాత్రం నమోదయ్యాయి.

పనిచేసే మొక్క ఏదైనా ఒంట్లో మందులాగే మసలుతుంది. సెయింట్ జాన్స్ వర్ట్ కాలేయంలోని ఎంజైములను ఉరకలెత్తించి, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్‌ను, మార్పిడి చేసిన కిడ్నీని కాపాడే సైక్లోస్పోరిన్‌ను రక్తంలో చాలీచాలని స్థాయికి దించేస్తుంది. కుంగుబాటు మాత్రలతో కలిస్తే మెదడులోని సెరటోనిన్ అనే రసాయనాన్ని ప్రమాదకరంగా పెంచగలదు.

ఈ మాట కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో మరింత గట్టిగా చెప్పుకోవాలి. కవిటి, సోంపేట, కంచిలి మండలాల్లో కిడ్నీ జబ్బుకు అసలు కారణం నేటికీ తేలలేదు, దాన్ని పొడుల మీదకు నెట్టడం నా ఉద్దేశం కాదు. అయితే డయాలసిస్‌కు తిరిగే మనిషి మనసు కుంగడం సహజం, అతని చేతికి పొట్లం అందడమూ అంతే సహజం. ఇంటర్నెట్‌లో అమ్మిన ఆయుర్వేద మందులను పరీక్షించి 2008లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో దాదాపు అయిదింట ఒక వంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది. పేరే లేని పొడికి ఆ పరీక్ష చేసేదెవరు?

చచ్చిపోవాలనిపిస్తోందని చెప్పేవారిని పొడితో సరిపెట్టకూడదు. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు. ఆసుపత్రుల వైపు నుంచి జరగాల్సింది ఖర్చులేని పని: ఓపీ చీటీ రాసేటప్పుడు "పసర్లూ పొడులూ ఏమైనా వాడుతున్నారా, ఉంటే రేపొచ్చేటప్పుడు ఆ పొట్లం పట్టుకు రండి" అని, కసురుకోకుండా అడగడం.