కాశీలో తొమ్మిది నిద్రలు

(విజయవాడ సత్యనారాయణపురంలో ఒక ఇంటి ముందుగది. మరునాడే సంఘమిత్ర ఎక్స్‌ప్రెస్‌లో కాశీ ప్రయాణం. డిప్యూటీ తహసీల్దారుగా పదవీ విరమణ చేసిన సుబ్బారావుగారు సామాను సర్దుతున్నారు. అంటే భార్య సర్దిపెట్టిన వాటిలోంచి ఒక్కొక్కటే బయటికి తీస్తున్నారు. నిద్రలో ఆయన ఊపిరి ఆగిపోకుండా మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి ఊదే సీపాప్ యంత్రం కూడా ఆ సామానులో ఒకటి. హైస్కూల్లో భౌతికశాస్త్రం బోధించిన అన్నపూర్ణగారు గుమ్మంలో నిలబడి, పరీక్ష గదిలో ఇన్విజిలేటరు చూసే చూపు చూస్తున్నారు.)

అన్నపూర్ణ: పెట్టెలో ఉండవలసిన సీపాప్ సంచి మంచం కిందికి ఎలా వెళ్ళిందో, దాని స్థానంలోకి జంతికల డబ్బా ఎలా వచ్చిందో కాస్త సెలవిస్తారా?

సుబ్బారావు: చూడు అన్నపూర్ణా, కాశీకి వెళ్ళినవారు తమకు ఇష్టమైనదేదో ఒకటి అక్కడ విడిచిపెట్టి రావాలన్నది పెద్దలు ఏర్పరచిన ఆచారం. నేను సుదీర్ఘంగా ఆలోచించి ఈ యంత్రాన్ని విడిచిపెట్టాలని నిర్ణయించుకున్నాను. అంత దూరం మోసుకెళ్ళి విడవడం కంటే ఇక్కడే విడిచిపెడితే పోర్టరు కూలి కూడా కలిసివస్తుంది.

అన్నపూర్ణ: ఇది మీకు ఇష్టమైన వస్తువు ఎప్పుడైంది? కొన్ననాటి నుంచి దాన్ని ‘తొండం’ అని తప్ప మరో పేరుతో పిలిచిన పాపాన పోలేదు. నిన్న రాత్రి కూడా నిద్రలో ఊడబీకి నా దిండు మీదికి విసిరారు.

సుబ్బారావు: చనువు ఉన్నచోటే విసుగూ ఉంటుంది. అయినా తొమ్మిది రాత్రులే కదా! ఇన్నాళ్ళూ క్రమం తప్పకుండా పెట్టుకున్న ఫలం ఆర్జిత సెలవులాగా ఖాతాలో కొంతైనా నిల్వ ఉండి ఉంటుంది.

అన్నపూర్ణ: ఒక్క రాత్రికి సరిపడా కూడా ఉండదు. గాలి ఒత్తిడి ఉన్నంతసేపే గొంతు వెనుక భాగం ముడుచుకుపోకుండా తెరుచుకుని ఉంటుంది. మాస్కు తీసి పడుకున్న రాత్రే మళ్ళీ మూసుకుపోతుంది. మీ స్లీప్ స్టడీ రిపోర్టులో గంటకు 38 సార్లు ఊపిరి ఆగడమో సన్నగిల్లడమో జరుగుతోందని రాశారు. గంటకు 30 దాటితే తీవ్రమైనదిగా లెక్క. కాశీకి పోయి తొమ్మిది నిద్రలు చేస్తానని మొక్కుకున్న మనిషి, నిద్ర పట్టించే యంత్రాన్ని ఇంట్లో వదిలి వెళ్ళడం నేనెక్కడా వినలేదు.

సుబ్బారావు: ఈ పీడను కనిపెట్టిన మహానుభావుడు ఎవరో గాని, ఆయనకు పెళ్ళయి ఉండదు.

అన్నపూర్ణ: కోలిన్ సల్లివన్ అనే ఆస్ట్రేలియా వైద్యుడు. సిడ్నీలో ఆయన చేసిన ఈ చికిత్స వివరాలు 1981లో ప్రచురితమయ్యాయి. ఆ తొలినాళ్ళ యంత్రాలకు వాక్యూమ్ క్లీనర్ మోటార్లు వాడారు. ఆ చప్పుడు భరించి పడుకున్న రోగులను తలుచుకుంటే, గుసగుసలాడినంత చప్పుడు చేసే ఈ యంత్రాన్ని మీరు కళ్ళకద్దుకోవాలి.

సుబ్బారావు: సరే, కళ్ళకద్దుకున్నాను. మరి రైల్లో ఏం చేస్తావు? మొబైళ్ళు, ల్యాప్‌టాప్‌ల ఛార్జింగు పాయింట్లకు రాత్రి 11 గంటల నుంచి తెల్లవారుజామున 5 గంటల దాకా కరెంటు ఆపివేయాలని రైల్వేవారు 2021లో ఆదేశాలిచ్చిన సంగతి నీకు తెలుసా? సరిగ్గా నేను గురక పెట్టే వేళకే వారు కరెంటు తీసేస్తారు. ఇది దైవసంకల్పం కాక మరేమిటి?

అన్నపూర్ణ: దైవం బ్యాటరీని కూడా సంకల్పించాడు. ఛార్జ్ చేసి పెట్టాను. పైగా దాని అడాప్టరు మీద 100 నుంచి 240 వోల్టులని రాసి ఉంది కాబట్టి, బోగీలో వచ్చే 110 వోల్టుల కరెంటు దానికి సరిపోయినా, ఫోన్లకోసం పెట్టిన సాకెట్టును నమ్ముకుని రాత్రంతా పడుకోవడం నాకు ఇష్టం లేదు. రైల్లో ఉన్న రాత్రులకు హ్యూమిడిఫయరు, అంటే తొట్టెలోని నీటితో గాలికి తేమ చేర్చే భాగం, ఆపేస్తాం. నీళ్ళను వేడిచేయడానికే ఎక్కువ కరెంటు ఖర్చవుతుంది. అది ఆపితే అదే బ్యాటరీ చాలాసేపు నిలుస్తుంది.

సుబ్బారావు: హ్యూమిడిఫయరు లేకపోతే నా ముక్కు ఎండిపోయి, తెల్లవారేసరికి గొంతు పలకదు.

అన్నపూర్ణ: ఆ సౌకర్యం నాకు. మీకైతే సెలైన్ చుక్కలు ముక్కులో వేసుకోవడానికి పెట్టాను.

సుబ్బారావు: అంత చిన్న బ్యాటరీ ఎక్కడ సరిపోతుంది? మన ఇన్వర్టరు బ్యాటరీనే విప్పి పట్టుకుపోదాం. లోయర్ బెర్తు కింద చక్కగా పడుతుంది. అరవై దాటిన వాణ్ణని నాకు ఆ బెర్తు ఇచ్చారు కూడా.

అన్నపూర్ణ: యాసిడ్ నింపిన ఆ బరువును స్టేషను మెట్లెక్కించేది ఎవరు? దింపేది ఎవరు? దిగవలసింది దీనదయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో, అంటే మీ పాత మొగల్‌సరాయిలో. అక్కడి నుంచి మళ్ళీ ఆటోలో కాశీ సందుల్లోకి. ఆ సందుల్లో ఎదురుగా ఎద్దు వస్తే బ్యాటరీతో సహా గోడకు అంటుకుపోవాలి మీరు.

(ఆమె వంగి మంచం కింది నుంచి సీపాప్ సంచిని లాగి ఎత్తుతారు. సంచి అడుగు నుంచి నీరు బొట్లుబొట్లుగా కారి, విశ్వనాథుని దర్శనంకోసం మడతపెట్టిన పట్టుపంచె అంచు మీద పడుతుంది. ఇద్దరూ ఆ బొట్లను చూస్తారు. సుబ్బారావుగారు ముందుగా చూపు తిప్పుకుంటారు.)

అన్నపూర్ణ: తొట్టెలో నీళ్ళు పారబోయకుండానే యంత్రాన్ని సంచిలో పడుకోబెట్టారా? ఆ నీరు వెనక్కి పారి మోటారులోకి దిగితే, మీరు విడవక్కరలేకుండా అదే మనల్ని విడిచిపోతుంది. ప్రయాణమంటే తొట్టెను బయటికి తీసి, నీళ్ళు ఒంపి, బాగా ఆరబెట్టి విడిగా సర్దాలని ఎన్నిసార్లు చెప్పాను!

సుబ్బారావు: డాక్టరుగారు 11 సెంటీమీటర్ల నీరు ఉండాలన్నారని నిండా పోశాను. తీరా చూస్తే ఆ తొట్టె ఎత్తే అంత లేదు. ఆ సంగతి ఆయన దృష్టికి తీసుకువెళ్ళాలనుకుంటున్నాను.

అన్నపూర్ణ: (కుర్చీలో కూర్చుని) 11 సెంటీమీటర్లన్నది గాలి ఒత్తిడికి కొలత. నిలువు గొట్టంలో నీటిమట్టాన్ని 11 సెంటీమీటర్లు పైకి నిలబెట్టగలిగేంత ఒత్తిడి అని అర్థం. ఈ యంత్రాలు సాధారణంగా 4 నుంచి 20 దాకా ఇస్తాయి. దానికీ తొట్టెలో పోసే నీటికీ సంబంధం లేదు. తొట్టెకు గీత ఉంది. ఆ గీత దాటకుండా పోస్తే చాలు. ఇంతకీ ఈ తెల్లటి చార ఏమిటి?

(ఆమె తొట్టె లోపలి గోడను గోటితో గీకుతారు. సున్నంలాంటి పొడి గోటికి అంటుకుంటుంది. ఆ గోటిని సుబ్బారావుగారి కళ్ళజోడుకు దగ్గరగా పెడతారు.)

సుబ్బారావు: డిస్టిల్డ్ వాటర్ అయిపోయింది. మెడికల్ షాపు దాకా ఎవరు వెళతారని కుళాయి నీళ్ళు పోశాను. కృష్ణమ్మ నీరే కదా!

అన్నపూర్ణ: కృష్ణమ్మకు దండం పెట్టండి, కాని తొట్టెలో పోయకండి. నీరు ఆవిరైపోతుంది, అందులోని లవణాలు ఇలా మిగిలిపోతాయి. అందుకే డిస్టిల్డ్ వాటర్. ప్రయాణంలో దొరకని రాత్రి కాచి చల్లార్చిన నీరు పోసుకోవచ్చు. సూక్ష్మజీవులు చస్తాయి గాని లవణాలు పోవు కనుక, దానినే అలవాటు చేసుకోకూడదు. తెల్లవారగానే మిగిలిన నీరు పారబోసి తొట్టె కడగాలి.

సుబ్బారావు: (ముఖం వెలిగిపోతూ) అయితే ఒక మాట. కాశీలో దిగాక నీళ్ళకు కరువేముంది? సాక్షాత్తూ గంగ. తొట్టెలో గంగాజలం పోస్తే, రాత్రంతా పీల్చే ప్రతి శ్వాసా పుణ్యమే. తొమ్మిది రాత్రుల పుణ్యం లెక్కవేస్తే నీకూ సగం ఇవ్వగలను.

అన్నపూర్ణ: గంగాజలం శిరస్సు మీద చల్లుకోండి, రాగిచెంబులో పట్టి సీలు వేయించి ఇంటికి తెచ్చుకోండి. ఊపిరితిత్తులకు అభిషేకం చేయమని ఏ పురాణంలోనూ లేదు. నదినీటిని వెచ్చచేసి రాత్రంతా ముక్కులోకి ఊదించుకుంటే, పుణ్యం సంగతి తరువాత, ముందు ఛాతీ డాక్టరు దర్శనమవుతుంది.

సుబ్బారావు: పోనీ, రెండు చుక్కల నీలగిరి తైలం?

అన్నపూర్ణ: అదీ వద్దు. నీళ్ళలో నీళ్ళు తప్ప ఏమీ కలపకూడదు.

సుబ్బారావు: అసలు చలికాలంలో అక్కడ ఈ తడి గాలి ఎందుకు? కిందటేడు శీతాకాలంలో హైదరాబాదులో తమ్ముడింట ఏమైందో గుర్తుందా? అర్ధరాత్రి గొట్టంలో గుడగుడమని చప్పుడు మొదలై, ముఖం మీద చల్లటి నీళ్ళు పడ్డాయి. నేను లేచి వాళ్ళ పైకప్పు కారుతోందని ఇల్లంతా లేపాను.

అన్నపూర్ణ: పాపం, వాళ్ళు నిచ్చెన కూడా తెచ్చారు. వెచ్చటి తడిగాలి చల్లటి గదిలోని గొట్టం గుండా వచ్చేటప్పుడు చల్లబడి, లోపలే నీరైపోయింది. జనవరిలో కాశీ గదుల్లో చలి ఇంకా ఎక్కువ. కాబట్టి తేమ రెండు మెట్లు తగ్గించి, గొట్టాన్ని దుప్పటి లోపలి నుంచి తీసుకువచ్చి, యంత్రాన్ని మంచం కంటే కిందుగా పెడదాం. అప్పుడు చేరిన నీరు ముఖం వైపు కాక వెనక్కి జారుతుంది. గొట్టానికి చుట్టడానికి మీ పాత మఫ్లరు పెట్టాను.

సుబ్బారావు: నా మఫ్లరు దానికా? మరి నా మెడకు?

అన్నపూర్ణ: మీరు చలి వేస్తోందని చెప్పగలరు, అది చెప్పలేదు.

(ఇక్కడ ఒక మాట. సుబ్బారావుగారి అభ్యంతరాలన్నీ తెలివితక్కువవేమీ కావు. తప్పించుకోవాలన్న పట్టుదల ఉన్న మనిషికి యంత్రంలోని నిజమైన ఇబ్బందులు అందరికంటే ముందు కనిపిస్తాయి. సత్రం గదిలో ప్లగ్గు తలుపు పక్కన ఉంటుందని, మంచం కిటికీ పక్కన ఉంటుందని ఆయన తరువాత లేవనెత్తిన అంశం కూడా సమంజసమైనదే. దానికి జవాబుగా అన్నపూర్ణగారు పొడవాటి ఎక్స్‌టెన్షన్ బాక్సును, త్రీపిన్ ప్లగ్గు పట్టని సాకెట్టుకోసం ఒక మార్పిడి ప్లగ్గును చూపించడంతో ఆ వాదన అక్కడితో ముగిసింది.)

సుబ్బారావు: తిరుగు ప్రయాణం విమానంలో కదా, బాబత్‌పూర్ నుంచి. అక్కడ సెక్యూరిటీవారు ఈ గొట్టాన్ని, మాస్కును చూసి నన్ను పక్కకు పిలుస్తారు. వయసు మళ్ళిన ఉద్యోగి పరువు ఏం కావాలి?

అన్నపూర్ణ: పిలిస్తే డాక్టరు రాసిన చీటీ చూపించండి, పై అరలోనే పెట్టాను. యంత్రాన్ని మాత్రం సామానులో వేయకండి, చేతిసంచిగానే తీసుకువెళ్ళాలి. లగేజీ దారి తప్పితే బట్టలు కొనుక్కోవచ్చు, ఇది ఆ రాత్రికి దొరకదు. విడి లిథియం బ్యాటరీలను ఎలాగూ లగేజీలో వేయనివ్వరు, క్యాబిన్‌లోనే ఉంచుకోవాలి. 100 వాట్-అవర్లు దాటితే విమానసంస్థ అనుమతి తీసుకోవాలి. మనది అంతకు లోపే ఉంది, దాని మీద రాసిన అంకె చూసే కొన్నాను.

సుబ్బారావు: నీకు దీని మీద ఇంత శ్రద్ధ ఉంది కనుక, ఇది నీకు ఇష్టమైన వస్తువు. అయితే నువ్వే దీన్ని కాశీలో విడిచిపెట్టు.

అన్నపూర్ణ: బాగుంది. ఇష్టం మీదేనని నిరూపించుకోండి. తొమ్మిది రాత్రులూ నిండా పెట్టుకుని పడుకుంటే, పదోనాటి ఉదయం మీ మాట నమ్ముతాను. ఏ రాత్రి ఎన్ని గంటలు పెట్టుకున్నదీ అందులోని కార్డులో నమోదవుతుంది, వచ్చాక డాక్టరుగారు చదువుతారు.

సుబ్బారావు: (గొంతు తగ్గించి) ఆ కార్డు ఒక్కటీ గంగలో విడిచిపెడితే?

అన్నపూర్ణ: కార్డు కాదండీ. పురోహితుడు సంకల్పం చెప్పించేటప్పుడు మీకు నిజంగా ఇష్టమైనది ఏమిటని నన్నడిగితే, నేను అబద్ధమాడలేను. గుత్తివంకాయ అని చెబుతాను.

(సుబ్బారావుగారు జంతికల డబ్బాను పెట్టెలోంచి తీసి పక్కన పెడతారు. తొట్టెలో మిగిలిన నీరు పెరటి తులసికోటలో ఒంపి వచ్చి, పొడిగుడ్డతో మూలమూలలా తుడుస్తారు.)

సుబ్బారావు: యంత్రం సంచి నేనే భుజాన వేసుకుంటాను, రైల్లో తల దగ్గరే పెట్టుకుంటాను, నువ్వు లేపకుండానే మాస్కు తగిలించుకుంటాను. ఆ వంకాయ మాట మాత్రం పురోహితుడి ముందు ఎత్తకు.